సోమవారం వెళ్లి గురువారం రాత్రికి ఇల్లు చేరడం ఎలా: యూరప్‌లో ఆఫీసు పని మీద విమానాలెక్కేవారికి

"మీవాడు యూరప్ అంతా తిరిగేస్తున్నాడటగా" అని ఊళ్లో అమ్మానాన్నల్ని అడుగుతుంటారు. ఆఫీసు పని మీద తిరిగేవాడికి పారిస్ అంటే టెర్మినల్ 2లో ఏ హాలు నుంచి ఏ హాలుకు బస్సెక్కాలన్నదే. మిలాన్ అంటే దిగేది లినాటే విమానాశ్రయంలోనా, మల్పెన్సాలోనా అన్నదే. ఐఫిల్ టవర్ కిటికీలోంచి కనబడితే ఆ రోజుకు అదే మహాభాగ్యం.

ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట్ల కాపురముంటూ వారం వారం క్లయింట్ల దగ్గరికి వెళ్లొచ్చే మనవాళ్ల కోసం ఇది. హైదరాబాద్ నుంచి కొన్ని వారాల పనికి వచ్చి ఇక్కడ ఊరూరా తిరగాల్సిన వాళ్లకూ పనికొస్తుంది. లాంజ్‌లో ఏం బాగుంటుంది, పాయింట్లు ఎలా కూడబెట్టాలి లాంటివి ఇందులో ఉండవు.

ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ ఫ్లైట్ పోతే నాకింకేం మిగులుతుంది? ఇంకో ఫ్లైటో, రైలో, కనీసం హోటల్ గదో ఏదో ఒకటి మిగిలేలా చూసుకోవాలి. దాదాపు చికాకంతా ఏమీ మిగలని చోటే పుడుతుంది. మిగతాదంతా ఆ ప్రశ్నకు వివరణే.

1. ముందు రైలు టైం చూడండి

విమానంలో గాల్లో ఉండేది 55 నిమిషాలే కావచ్చు. ఇంటి గుమ్మం నుంచి క్లయింట్ గుమ్మం దాకా లెక్కేస్తే నాలుగు గంటలు తేలిగ్గా దాటుతుంది. పారిస్ నుంచి బ్రస్సెల్స్ రైల్లో గంటా 22 నిమిషాలు. మాడ్రిడ్ నుంచి బార్సిలోనా రెండున్నర గంటలు. లండన్ నుంచి పారిస్ రెండుంపావు. మిలాన్ నుంచి రోమ్ మూడు గంటల చిల్లర. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్ నాలుగు గంటల లోపే. ఈ దారుల్లో విమానం ఎక్కడమంటే లాప్‌టాప్ తీసి పని చేసుకోవాల్సిన సమయాన్ని బెల్టు విప్పుకుంటూ క్యూల్లో పోగొట్టుకోవడమే. ఫ్రాన్స్ అయితే రెండున్నర గంటల్లో రైలు చేర్చే చోట్లకు పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం నుంచి విమానాలే ఆపేసింది. 2023 నుంచి బోర్డో, లియాన్, నాంట్ వెళ్లాలంటే అక్కడినుంచి ఫ్లైట్ లేదు.

జర్మనీలో మాత్రం రైలు మీద గుడ్డి నమ్మకం వద్దు. 2024లో అక్కడి రైల్వే సంస్థ డాయిష్‌బాన్ దూరప్రాంత రైళ్లలో సమయానికి నడిచినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. కానీ అక్కడ ఒక రైలు తప్పితే గంటలో ఇంకోటి వస్తుంది. ఉదయం పదింటి ఫ్లైట్ రద్దయితే తర్వాతిది సాయంత్రమే ఉండొచ్చు. మన ప్రశ్నకు రైలు దగ్గర మెరుగైన జవాబుంది. 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ డబ్బులో 25 శాతం, 120 దాటితే 50 శాతం వెనక్కొస్తుంది కూడా.

2. టికెట్ కొనే పది నిమిషాలు

ఇక్కడ తొందరపడకండి. కంపెనీ ట్రావెల్ పోర్టల్ అన్నిటికన్నా చౌకదాన్ని పైన చూపిస్తుంది. దాని తర్వాత మీరు పడే అగచాట్లకు అక్కడ కాలమ్ ఉండదు.

సాయంత్రపు ఆఖరి ఫ్లైట్ తీసుకోవద్దు. మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని పెట్టుకోండి. కారణం ఆలస్యం ఒక్కటే కాదు. యూరప్‌లో చాలా విమానాశ్రయాలు రాత్రి మూసేస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు షెడ్యూల్ విమానాలకు నిషేధం. జ్యూరిక్‌లో 11 దాటాక అరగంట సర్దుబాటు, అంతే. పారిస్ ఓర్లీ పదకొండున్నరకు, బెర్లిన్ అర్ధరాత్రికి మూసుకుంటాయి. ఆలస్యమైన కొన్నింటికి మినహాయింపు దొరుకుతుంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు. మిలాన్‌లో రాత్రి 8:40కి ఫ్రాంక్‌ఫర్ట్ బయల్దేరాల్సినది 10కి కూడా కదల్లేదంటే, వాళ్లు దాన్ని రద్దు చేసేస్తారు. లేదంటే రాత్రంతా తెరిచుండే కొలోన్-బాన్‌లో దించి ఒక బస్సు ఎక్కిస్తారు. అప్పుడు మీరు ఫ్రాంక్‌ఫర్ట్ చేరేసరికి కోడి కూస్తుంది. ఆఖరిదానికి ముందుది తీసుకుంటే, అది పోయినా ఆఖరిది మిగులుతుంది.

ఉదయం మాత్రం వీలైతే మొదటి ఫ్లైటే. రాత్రి నుంచి అక్కడే ఆగి ఉన్న విమానం కాబట్టి దానికి వెనకటి ఆలస్యం అంటదు. ఒకే విమానం రోజుకు నాలుగైదు ట్రిప్పులు కొడుతుంది. పొద్దున పోయిన 20 నిమిషాలు సాయంత్రానికి గంటన్నర అవుతాయి. యూరప్‌లో ఆలస్యాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా ఇలా ముందు ట్రిప్పు నుంచి మోసుకొచ్చిందే. నాలుగింటికి అలారం పెట్టుకోవడం నరకమే, ఒప్పుకుంటాను.

కనెక్షన్ ఉంటే మొత్తం ఒకే బుకింగ్‌లో ఉండాలి. రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే 60 యూరోలు మిగలొచ్చు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఎవరికీ బాధ్యత లేదు. కొత్త టికెట్ మీ చేతి డబ్బుతోనే. ఒకే బుకింగ్ అయితే గమ్యం దాకా చేర్చే బాధ్యత వాళ్లది, పరిహారం లెక్క కూడా చివరి గమ్యానికి చేరిన సమయం మీదే వేస్తారు.

కనెక్షన్‌కు ఎంత టైం ఉండాలన్నది ఊరిని బట్టి మారుతుంది. వియన్నాలో 25 నిమిషాల కనెక్షన్ కూడా అమ్ముతారు, అక్కడ టెర్మినల్ చిన్నది కాబట్టి చాలాసార్లు నడుస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కనీసం 45 నిమిషాలంటారు. మీ విమానం టెర్మినల్‌కు దూరంగా ఆగి బస్సు వచ్చేసరికే అందులో సగం పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకో తమాషా ఉంది. 2003లో తెరిచిన పోల్డర్‌బాన్ అనే రన్‌వే మీద దిగితే, టెర్మినల్ చేరడానికే పావుగంటకు పైగా నేల మీద వెళ్తుంది విమానం. కిటికీలోంచి కింద కార్లు పోయే హైవే దాటుతుంటే మీకే అర్థమవుతుంది. కాబట్టి వియన్నా, మ్యూనిక్, జ్యూరిక్ అయితే గంట, ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్ షార్ల్ ద గాల్ అయితే గంటన్నర చూసుకోండి. షెంగెన్ దేశం (తమలో తమకు సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల్లో ఒకటి) నుంచి బయటి దేశానికి మారేటప్పుడు పాస్‌పోర్ట్ క్యూ కూడా ఉంటుంది కాబట్టి ఇంకో అరగంట కలపండి.

విమానాశ్రయం పేరు పూర్తిగా చదవండి. చౌక ఎయిర్‌లైన్స్ వాళ్లు "ఫ్రాంక్‌ఫర్ట్" అంటూ హాన్‌లో దించితే, ఊరు అక్కడికి 120 కిలోమీటర్లు. పారిస్ బోవే నుంచి పారిస్ 85, మెమ్మింగెన్ నుంచి మ్యూనిక్ 110 దరిదాపుల్లో. ఆ ఊళ్లలో ఫ్లైట్ రద్దయితే ఆ రోజుకు ఇంకోటి ఉండకపోవచ్చు. మన ప్రశ్నకు అక్కడ జవాబు సున్నా.

చివరిగా, వెళ్లే ఫ్లైట్ ఎక్కకుండా రిటర్న్ మాత్రం వాడుకుందాం అనుకోవద్దు. మొదటి ముక్క వదిలేస్తే మిగతా టికెట్ రద్దు చేసే నిబంధన చాలా కంపెనీల దగ్గరుంది. క్లయింట్ కారులో తీసుకెళ్తానంటే, ముందు ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి మాట్లాడాకే సరేననండి.

3. కాగితాలు: భారత పాస్‌పోర్టుతో లెక్క వేరు

జర్మన్ సహోద్యోగి జేబులో ఒక కార్డు వేసుకుని బయల్దేరతాడు. మీరలా కుదరదు. షెంగెన్ లోపల తిరిగినా పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫోటో చెల్లదు. కార్డు ఒక్కటే ప్రయాణపత్రం కాదు. కార్డు గడువు మూడు నెలల్లో ముగుస్తుంటే ఇప్పుడే రెన్యువల్ మొదలుపెట్టండి. జర్మనీలో విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకడం ఎలాంటిదో అనుభవించినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒక షెంగెన్ దేశపు పర్మిట్‌తో మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. ఇంగ్లాండ్, ఐర్లాండ్ ఇందులో లేవు, వాటికి వేరే వీసా కావాలి. సైప్రస్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో ఉంది, షెంగెన్‌లో లేదు. రుమేనియా, బల్గేరియాలకు విమాన ప్రయాణాల్లో 2024 మార్చి 31 నుంచి తనిఖీలు తీసేశారు. బుకారెస్ట్ క్లయింట్లున్నవాళ్లకు అదొక్కటే పెద్ద ఊరట.

దీంట్లో ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటుంది. ఫ్లైట్ రద్దయినప్పుడు కౌంటర్ అమ్మాయి నవ్వుతూ "లండన్ మీదుగా పంపిస్తాం, రాత్రి అక్కడ ఆగి పొద్దున వెళ్లొచ్చు" అంటుంది. పక్కనున్న స్పెయిన్ వాడికి అది మంచి బేరం. బ్రిటన్ వీసా లేని మీరు రాత్రి హోటల్‌కు వెళ్లాలంటే చిక్కు రావొచ్చు. "నాది భారత పాస్‌పోర్టు, షెంగెన్ లోపలి దారే ఇవ్వండి" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎదుటివాళ్లకు ఇది తట్టదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లండన్ వెళ్లేవాళ్లకు ఇదే సమస్య తిరగబడుతుంది. బ్రిటన్ వీసా మాత్రమే ఉండి ఫ్రాంక్‌ఫర్ట్‌లో కనెక్షన్ పోతే, హోటల్ కూపన్ చేతికొచ్చినా గేటు దాటి బయటికి పోలేరు. అలాంటి ప్రయాణానికి హైదరాబాద్ నుంచి నేరుగా లండన్ వెళ్లే ఫ్లైట్‌కు కాస్త ఎక్కువైనా ఇవ్వమని మేనేజర్‌ను అడగడం న్యాయమే.

స్వల్పకాలిక వీసా మీద వచ్చేవాళ్లకు 2025 అక్టోబర్ 12 నుంచి కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర బదులు ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. 90 రోజుల లెక్క ఇప్పుడు కంప్యూటరే వేస్తుంది, చేత్తో లెక్కేసి "ఇంకా రెండు రోజులున్నాయి కదా" అనే వాదన నడవదు. రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు ఈ నమోదు అక్కర్లేదు. క్యూలో కార్డు బయటికి తీసి పట్టుకోండి.

ఇంకొకటి, ఏ1 సర్టిఫికెట్. మీ సామాజిక భద్రత చందా ఏ దేశంలో కడుతున్నారో చెప్పే కాగితం. ఒక్కరోజు మీటింగ్‌కు వెళ్లినా ఇది ఉండాలన్నదే నియమం. ఫ్రాన్స్, ఆస్ట్రియాల్లో తనిఖీ గట్టిగా ఉంటుంది. మీ కంపెనీ హెచ్‌ఆర్ ఆన్‌లైన్‌లో తీసిస్తారు. డెన్మార్క్ వెళ్లే భారతీయులకు నిబంధన వేరుగా ఉంటుంది కాబట్టి విడిగా అడగండి. మీటింగ్‌కు వెళ్లడం వేరు, క్లయింట్ సైటులో కూర్చుని ప్రాజెక్టు పని చేయడం వేరు అన్నది కూడా హెచ్‌ఆర్ దగ్గరే తేల్చుకోండి.

4. సంచి

చెక్-ఇన్ లగేజీ వద్దు. నాలుగు రోజులకు చేతి సంచి చాలు. సూట్‌కేసు లోపలికి ఇచ్చారంటే, ఫ్లైట్ రద్దయిన క్షణాన మీరు, మీ బట్టలు రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి. వేరే ఎయిర్‌లైన్‌కో రైలుకో మారే స్వేచ్ఛ అక్కడితో పోతుంది.

ద్రవాలు 100 మిల్లీలీటర్ల డబ్బాల్లో, ఒక లీటరు ప్లాస్టిక్ కవర్లో. 2006 నుంచీ ఇదే గోల. కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని చోట్ల ఇప్పుడు రెండు లీటర్ల దాకా వదులుతున్నారు, ఎడిన్‌బరో, బర్మింగ్‌హామ్‌లలో 2025 జూలై నుంచి అలాగే ఉంది. కానీ మీరు తిరిగొచ్చే ఊళ్లో పాత స్కానరే ఉండొచ్చు. పాత నియమానికే సర్దుకోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలో పైనే ఉండాలి. గేటు దగ్గర "జాగా లేదు, సంచి కింద పెడతాం" అని లాక్కునేటప్పుడు దాన్ని, లాప్‌టాప్‌ను, మందుల్ని, పాస్‌పోర్టును రెండు సెకన్లలో బయటికి తీసుకోగలగాలి.

తిండి సంగతి. యూరప్ లోపలి ఫ్లైట్లలో ఎకానమీలో కొన్ని ఎయిర్‌లైన్స్ ఇప్పుడు నీళ్లు, చాక్లెట్ ముక్కతో సరిపెడుతున్నాయి. కొనుక్కుందామంటే చల్లటి శాండ్‌విచ్, అందులో హ్యామ్ లేనిది వెతుక్కోవాలి. పులిహోర డబ్బా సెక్యూరిటీలో ఏమీ అనరు. పెరుగన్నం దగ్గర వాదన వస్తుంది, ఆవకాయ అయితే వాళ్ల లెక్కలో ద్రవమే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు నెయ్యి, పాలకోవా తేకూడదు. ఈయూ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. కందిపొడికి ఏ ఇబ్బందీ లేదు. హోటల్ గదిలో అన్నం ఉంటే ఇంకేం కావాలి.

5. ముందురోజు రాత్రి, ఆ ఉదయం

సమ్మెలు చూడండి. ఇటలీలో రవాణా శాఖ సైటులో రాబోయే సమ్మెల జాబితా ముందే పెడతారు. విమానాల సమ్మె ఉన్న రోజు కూడా ఉదయం 7 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ఫ్లైట్లు నడవాలని అక్కడ నియమం. మీ టికెట్‌ను ఆ గంటల్లోకి మార్చుకుంటే పని అయిపోతుంది. బెల్జియంలో యూనియన్లు దేశవ్యాప్త సమ్మె ప్రకటించాయంటే బ్రస్సెల్స్ నుంచి ఆ రోజు బయల్దేరేవన్నీ రద్దు చేస్తారు, 2025లో పలుమార్లు అలాగే జరిగింది. అప్పుడు మీటింగ్‌ను ఒకరోజు జరపమని ముందే అడగండి. జర్మనీలో హెచ్చరిక సమ్మెలు ఒకటి రెండు రోజుల ముందే బయటపడతాయి. వార్త రాగానే ఎయిర్‌లైన్స్ ఉచితంగా తేదీ మార్చుకోనిస్తాయి. మొదటి గంటలో మార్చుకున్నవాళ్లకు సీట్లు దొరుకుతాయి.

ఫ్లైట్‌రాడార్ 24 లాంటి యాప్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టి, మిమ్మల్ని ఎక్కించుకోబోయే విమానం ఇప్పుడు ఎక్కడుందో చూడండి. బోర్డు మీద "సమయానికే" అని రాసి ఉంటుంది, ఆ విమానం మాత్రం ఇంకా లిస్బన్‌లో నేల మీదే ఉంటుంది. బోర్డు మారడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంట మీది. అప్పుడే తర్వాతి ఫ్లైట్‌లో సీట్లున్నాయో లేదో చూసి పెట్టుకోండి.

6. గేటు మూసి విమానంలో కూర్చోబెడితే

అందరినీ ఎక్కించి, తలుపు మూసి, "మనకు స్లాట్ 50 నిమిషాల తర్వాత వచ్చింది" అని పైలట్ చెప్పినప్పుడు క్యాబిన్ అంతా ఒక్కసారి మూలుగుతుంది. లాంజ్‌లోనే కూర్చోబెట్టొచ్చుగా అనిపిస్తుంది. కారణం ఇదీ. యూరప్ ఆకాశం మొత్తానికి ట్రాఫిక్ సర్దేది బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్. ఎక్కడో ఉరుముల వానో, కంట్రోలర్లు తక్కువో ఉంటే విమానాలకు బయల్దేరే సమయం కేటాయిస్తుంది. ఆ సమయానికి 5 నిమిషాలు ముందు నుంచి 10 నిమిషాలు తర్వాత వరకే ఎగరాలి. తలుపు మూసి "సిద్ధం" అని కబురు పెట్టిన విమానానికి మధ్యలో ఖాళీ దొరికితే ముందుకు జరుపుతారు. దిగిపోయి కాఫీ తాగుతున్నవాళ్లకు ఆ అవకాశం పోతుంది. సిబ్బంది మీద అరవడం వల్ల ఉపయోగం లేదు, వాళ్ల చేతిలో లేదు. కనెక్షన్ ఉంటే మాత్రం అప్పుడే చెప్పండి.

డబ్బు పెట్టి బిజినెస్ క్లాస్ కొంటే బాధ తగ్గుతుందా అని అడుగుతుంటారు. యూరప్ లోపల ఎక్కువ కంపెనీల్లో బిజినెస్ సీటు కూడా ఎకానమీ సీటే. మధ్య సీటు ఖాళీగా ఉంచి, ముందొక పరదా కడతారు. నాకు అది దుబారాగానే కనిపిస్తుంది. ఫ్లెక్స్ టికెట్ మాత్రం పెట్టిన డబ్బుకు విలువైనది, ఎందుకంటే సాయంత్రం మీటింగ్ త్వరగా ముగిస్తే ముందు ఫ్లైట్‌కు మారొచ్చు.

7. రద్దయింది. ఇప్పుడు?

ఈ మెట్టు నిదానంగా చదవండి, వరుస తప్పకండి.

కౌంటర్ క్యూలో నిలబడండి, నిలబడి ఫోన్ తీయండి. ముందు యాప్‌లో మార్చే బటన్ నొక్కండి. అందులో వచ్చింది పనికిరాకపోతే ఎయిర్‌లైన్‌కు కాల్ చేయండి. జర్మన్ నంబర్ దొరక్కపోతే అదే సంస్థ ఇంగ్లాండ్ నంబర్‌కో భారత నంబర్‌కో చేయండి, వాళ్లూ అదే టికెట్‌ను చూడగలరు. కంపెనీ ట్రావెల్ డెస్క్‌కు మెసేజ్ పెట్టండి. వీటిలో ఏది ముందు తగిలితే అది.

"తర్వాతి ఫ్లైట్ రేపు మధ్యాహ్నం" అంటే వెంటనే ఒప్పుకోకండి. మీకేం కావాలో మీరే చూసి చెప్పండి: ఫలానా నంబర్ ఫ్లైట్‌లో సీటుంది, అది వేరే ఎయిర్‌లైన్‌ది, దాంట్లో వేయండి. ఈయూ నిబంధన 261/2004 ప్రకారం, వీలైనంత త్వరగా, సరిపోలే పరిస్థితుల్లో గమ్యానికి చేర్చడం వాళ్ల బాధ్యత. రైలు కూడా అడగొచ్చు. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు రోజంతా తిట్లు తింటుంటారు. మెత్తగా మాట్లాడి, కాగితం మీద ఫ్లైట్ నంబర్ రాసి చేతికిచ్చేవాడికి పని త్వరగా అవుతుంది.

రీఫండ్ అనే మాట తొందరపడి అనకండి. డబ్బు వెనక్కి తీసుకుంటే మిమ్మల్ని చేర్చే బాధ్యత అక్కడితో తీరిపోతుంది. ఆ సాయంత్రం కొత్త టికెట్ ధర ఆకాశంలో ఉంటుంది.

ఎదురుచూడాల్సి వస్తే తిండి, రాత్రి అయితే హోటల్, అక్కడికి రవాణా వాళ్లే ఇవ్వాలి. 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 2 గంటల ఆలస్యం నుంచి భోజనం హక్కు మొదలవుతుంది. తుఫాను వచ్చినా, అగ్నిపర్వతం పేలినా ఈ బాధ్యత పోదు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల ఆకాశం మూసినప్పుడు మొదలైన కేసులో ఈయూ కోర్టు 2013లో ఇదే చెప్పింది. కూపన్ ఇచ్చేవాళ్లే కనపడకపోతే, మామూలు హోటల్‌లో మీరే గది తీసుకుని రశీదు దాచండి. ఐదు నక్షత్రాల హోటల్ బిల్లు, వైన్ బిల్లు తర్వాత నిలబడవు.

8. డబ్బు రాబట్టడం

గమ్యానికి 3 గంటలు, అంతకన్నా ఎక్కువ ఆలస్యంగా చేరితే, తప్పు ఎయిర్‌లైన్‌దైతే పరిహారం వస్తుంది. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, ఈయూ లోపల అంతకు మించితే 400, యూరప్ బయటికి 3,500 దాటితే 600. ఫ్రాంక్‌ఫర్ట్-మాడ్రిడ్‌కు 250, ఫ్రాంక్‌ఫర్ట్-లిస్బన్‌కు 400. బ్రిటన్ వాళ్ల సొంత నిబంధనలో ఇవే 220, 350, 520 పౌండ్లు. ఈ 3 గంటలను పెంచాలని 2025 జూన్‌లో సభ్యదేశాల రవాణా మంత్రులు ఒక మాట మీదికొచ్చారు, యూరోపియన్ పార్లమెంట్ ఎదురు తిరిగింది. క్లెయిమ్ వేసేముందు అప్పటి నియమం చూసుకోండి.

చేరిన సమయం అంటే చక్రాలు నేల తాకినప్పుడు కాదు, ఒక తలుపు తెరిచినప్పుడు. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వచ్చిన ఒక విమానం 2 గంటల 58 నిమిషాల ఆలస్యంతో దిగి, ఆగేసరికి 3 గంటల 3 నిమిషాలైంది. 2014లో కోర్టు ప్రయాణికుడి వైపే తీర్పిచ్చింది. మూడు గంటల దగ్గరపడితే తలుపు తెరుచుకునేటప్పుడు ఫోన్‌తో ఒక ఫోటో తీయండి.

వాళ్లు మొదటి జవాబులో "అసాధారణ పరిస్థితులు" అని రాస్తారు. వాతావరణం, కంట్రోలర్ల సమ్మె నిజంగానే ఆ కోవలోకి వస్తాయి. విమానంలో మామూలు సాంకేతిక లోపం రాదు, సొంత సిబ్బంది సమ్మె రాదు. గేటు దగ్గర కారణం అడిగి, చెప్పిన మాట, టైం నోట్ చేసుకోండి. రెండు నెలల తర్వాత ఆ మాటే మారిపోతుంది. వోచర్ ఇస్తామంటే వద్దని రాయండి. మీ సంతకం లేకుండా డబ్బు బదులు వోచర్ అంటగట్టకూడదు.

ఎయిర్‌లైన్ వెబ్‌సైటులో ఫారం నింపడం పావుగంట పని. తిరస్కరిస్తే జర్మనీలో ప్రయాణికుల ఫిర్యాదుల మధ్యవర్తి సంస్థ ఉచితంగా చూస్తుంది. కమీషన్ మీద నడిపే కంపెనీలు పావు వంతు నుంచి మూడో వంతు పైదాకా కోసుకుంటాయి, ఓపిక లేనప్పుడే వాటి దగ్గరికి వెళ్లండి. క్లెయిమ్‌కు జర్మనీలో ప్రయాణించిన సంవత్సరం చివరి నుంచి మూడేళ్ల గడువుంది, ఇంగ్లాండ్‌లో ఆరేళ్లు, బెల్జియంలో ఒక్క సంవత్సరమే.

టికెట్ కంపెనీ కొన్నా పరిహారం ప్రయాణికుడికే చెందుతుంది, చట్టం అలా ఉంది. కంపెనీ పాలసీలో దీని గురించి ఏమైనా రాసుందో ఒకసారి చూసుకోండి. హోటల్, భోజనం ఖర్చు కింద వెనక్కొచ్చే డబ్బు మాత్రం ఆ ఖర్చు ఎవరు పెడితే వాళ్లదే.

చెక్-ఇన్ లగేజీ ఇవ్వక తప్పక, అది రాకపోతే, బెల్టు దగ్గరున్న కౌంటర్‌లో ఫిర్యాదు నంబర్ తీసుకోకుండా బయటికి రావద్దు. దెబ్బతిన్న సంచికి 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజుల్లో రాతపూర్వకంగా రాయాలి. పొద్దున మీటింగ్‌కు కొన్న చొక్కా బిల్లు కూడా అందులో పెట్టండి.

9. మేనేజర్‌తో మాట్లాడాల్సినవి

మనవాళ్లు ఇక్కడే జారిపోతారు. టికెట్ దాకా అన్నీ చదువుకుని, "సోమవారం తొమ్మిదింటికి అక్కడ ఉండాలి" అంటే తలూపేస్తారు. అడగాల్సినవి మూడు.

ఆదివారం రాత్రి వెళ్లి హోటల్‌లో ఉండాలా, సోమవారం తెల్లవారుజామున వెళ్లాలా అన్నది మీరు ఎంచుకునేలా ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు ఆ రాత్రికి విలువుంది, ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ నిద్రకు విలువుంది.

ప్రయాణ సమయాన్ని పని గంటల్లో ఎలా లెక్కేస్తారో రాతపూర్వకంగా అడగండి. విదేశానికి తాత్కాలికంగా పంపిన ఉద్యోగి అవసరమైన ప్రయాణ సమయానికి జీతం ఇవ్వాలని జర్మనీ ఫెడరల్ లేబర్ కోర్టు 2018లో చెప్పింది. రెండు పనిరోజుల మధ్య 11 గంటల విశ్రాంతి అన్నది ఈయూ అంతటా ఉన్న నియమం, ప్రయాణం అందులో ఎలా లెక్కకొస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అర్ధరాత్రి ఇల్లు చేరి పొద్దున తొమ్మిదింటి కాల్‌లో కెమెరా ఆన్ చేయడం వీరత్వమేమీ కాదు. భత్యం కూడా చూసుకోండి: జర్మనీ లోపల 8 గంటలు దాటితే 14 యూరోలు, పూర్తి రోజుకు 28 వరకు పన్ను లేకుండా ఇవ్వొచ్చు. విదేశాలకు ఒక్కో దేశానికి ఒక్కో రేటు. కంపెనీ ఇవ్వకపోతే పన్ను రిటర్నులో చూపించుకోవచ్చు, అందుకే బోర్డింగ్ పాస్‌లు దాచండి.

మూడోది, గురువారం మధ్యాహ్నం మూడున్నర తర్వాత క్యాలెండర్ బ్లాక్ చేసేయండి. "ఒక్క అరగంట" అని క్లయింట్ అడుగుతాడు. ఆ అరగంట తీసుకుంటే ఆరింటి ఫ్లైట్ కాస్తా ఎనిమిదిన్నరది అవుతుంది, ఎనిమిదిన్నరదే ఆఖరిది. విమానాశ్రయానికి వెళ్లే రైల్లో కూర్చుని ఆ కాల్ తీసుకుంటానని చెప్పండి.